మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?

ప్రశ్న: మేడమ్, పోయిన నెల మా ఇంటికి సర్వే అమ్మాయి వచ్చింది. నిచ్చెన బొమ్మ చూపించి, "మీ జీవితం ఎన్నో మెట్టు మీద ఉందనుకుంటున్నారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్య "మాకేం తక్కువమ్మా, ఎనిమిది రాసుకో" అన్నారు. ఆ అమ్మాయి రాసుకుని వెళ్లిపోయింది. నా మనసులో ఉన్నది నాలుగు. ఇలాంటి అంకెలతో ప్రభుత్వాలు ఏం చేస్తాయి? వీటిని నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి బాధేసింది. మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి అడగాల్సింది. 22 ఏళ్లు సర్వేల కోసం ఊళ్లు తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈ ప్రశ్న ఇంటికి కాదు, మనిషికి.

ఆ నిచ్చెన పాతదే. హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో వివరించిన పద్ధతి అది. కింద 0, పైన 10. ఏటా మార్చిలో పేపర్లలో వచ్చే ప్రపంచ సంతోష నివేదిక ర్యాంకులకు ఆధారం ఈ ఒక్క ప్రశ్నే. మూడేళ్ల సగటు తీస్తారు. 2018 నుంచి 2025 దాకా ఏటా ఫిన్లాండే మొదటి స్థానం, 2025లో మన దేశానిది 118.

కానీ ఒక్క అంకెతో సరిపెట్టుకోకూడదని నాకు నేర్పింది గుంటూరు దగ్గర మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఒకామె. తలగుడ్డ ముక్కు మీదికి లాక్కుని, చేయి ఆపకుండానే "ఎనిమిది" అంది. కూతురికి నర్సింగ్ సీటు వచ్చిందట. "రాత్రి నిద్ర బాగా పట్టిందా?" అంటే అరచేతులు చూపించింది. ఎర్రగా పొంగి ఉన్నాయి. "నిద్దరెక్కడిదమ్మా, మంటకి తడిగుడ్డ చుట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నా" అంది. ఆ ఎనిమిది అబద్ధం కాదు. ఆ మంటా అబద్ధం కాదు. నా ఫారంలో నిద్రకి గడే లేదు. మార్జిన్‌లో రాసుకొచ్చాను.

అందుకే బ్రిటన్ గణాంక శాఖ 2011 నుంచి నాలుగు అడుగుతోంది: జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు, చేసే పనులకు విలువ ఉందనిపిస్తోందా, నిన్న ఎంత సంతోషంగా ఉన్నారు, నిన్న ఎంత టెన్షన్ పడ్డారు. భూటాన్ ఇంకా లోతుకు వెళ్లింది. 9 రంగాలు, 33 సూచికలు. రోజుకు ఎన్ని గంటల పని, ఎన్ని గంటల నిద్ర అన్నదీ వాటిలో ఉంది. ఆమె చేతుల సంగతి అక్కడైతే లెక్కకు అందేది.

ఇక ప్రభుత్వాలు ఏం చేస్తాయంటారా? బ్రిటన్ ఆర్థిక శాఖ 2021లో, ఒక మనిషి తృప్తి ఏడాదిపాటు ఒక పాయింటు పెరిగితే దానికి సుమారు 13,000 పౌండ్ల విలువ కట్టొచ్చని మార్గదర్శకాల్లో రాసింది. అంటే ఒక పథకానికి డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు, రోడ్లూ వంతెనల లెక్కల పక్కన ఈ లెక్కా నిలబడుతుంది.

నమ్మొచ్చా అన్నదానికి మాత్రం అమర్త్య సేన్ పదే పదే చెప్పే ఒక సర్వే గుర్తొస్తుంది. బెంగాల్ కరువు తర్వాత, 1944లో, కలకత్తా దగ్గర సింగూర్‌లో జరిగింది. భార్య పోయిన మగవాళ్లలో దాదాపు సగం మంది ఆరోగ్యం బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా అన్నవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని కాదమ్మా. తమ ఒంటి బాధను బాధగా లెక్కపెట్టడం వాళ్లకు ఎవరూ అలవాటు చేయలేదు. అందుకే తృప్తి అంకె పక్కన బరువు, నిద్ర, కూలి, ఆస్పత్రి దూరం కూడా పెట్టి చదవాలని నేను గట్టిగా అంటాను. "వాళ్లు సంతోషంగానే ఉన్నారుగా" అని చేతులు దులుపుకోవడానికి ఈ అంకెల్ని వాడుకోనివ్వకూడదు.

మీ అత్తయ్యగారి ఎనిమిది ఆవిడది. మళ్లీ ఎవరైనా వస్తే మంచినీళ్లిచ్చి, "నాది నేను విడిగా చెబుతాను" అనండి. నాలుగైతే నాలుగే చెప్పండి. ఈలోగా ఆ నాలుగు ఎందుకో నాకు రాయండి. పేరు వేయను.