నన్నడిగితే ఓబర్‌వోల్ఫాఖ్ అంటాను

ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయికి గణిత పరిశోధన మీద మనసుందనీ, నేడు ప్రపంచంలో ఆ పరిశోధన గొప్పగా ఎక్కడ జరుగుతోందో, ఏ విశ్వవిద్యాలయానిది మొదటి ర్యాంకో చెప్పమనీ అడిగారు. ముందు ఆ ర్యాంకుల పట్టికను పక్కన పెట్టండి. ఇరవై ఏళ్లుగా గణితంలోని సంఖ్యా సిద్ధాంతంలో పనిచేస్తున్నాను. ఆ పట్టిక చూసి పరిశోధనకు చోటు ఎంచుకున్న గణితజ్ఞుడు నాకు ఒక్కరూ తారసపడలేదు.

ప్రిన్స్‌టన్, పారిస్, బాన్, ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్ అని ఎవరైనా చెబుతారు. తప్పు కాదు. 2022లో గణితంలో అత్యున్నత గౌరవంగా చెప్పే ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో జేమ్స్ మేనార్డ్ ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు, మరీనా వియజోవ్‌స్కా స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఉన్నారు. కానీ నా జవాబు మాత్రం జర్మనీలో, బ్లాక్ ఫారెస్ట్ కొండల నడుమ ఉన్న ఓబర్‌వోల్ఫాఖ్ అనే చిన్న ఊరు.

1944లో మొదలైన అక్కడి గణిత పరిశోధన సంస్థ డిగ్రీలు ఇవ్వదు. దాదాపు ప్రతి వారం ఒక అంశం మీద సుమారు యాభైమందిని పిలిచి కూర్చోబెడుతుంది. ఆహ్వానం వస్తేనే వెళ్లగలం. బస, భోజనం వాళ్లవే. భోజనాల బల్ల దగ్గర ఎవరి పేరున్న రుమాలు ఎక్కడుంటే వాళ్లు అక్కడే కూర్చోవాలి, ఆ చోట్లు మారుతూ ఉంటాయి. అలా కొత్తగా పరిశోధనలోకి వచ్చిన పిల్లల పక్కన, వాళ్లు పుస్తకాల్లో మాత్రమే పేరు చూసిన పెద్దలు వచ్చి కూర్చుంటారు.

నేను వెళ్లింది ఒకే ఒక్కసారి. అప్పటికి ఎనిమిది నెలలుగా ఒక గణిత అసమానత దగ్గర ఆగిపోయి ఉన్నాను. ప్రధాన సంఖ్యలను ఒక సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాలు ఎంత సమంగా పంపిణీ అవుతాయన్నది విషయం. ప్రతి భాజకానికీ విడివిడిగా, అంచనాలో దోషం ఇంతకు మించదని హద్దు కట్టాలని కుస్తీ పడుతున్నాను. బుధవారం మధ్యాహ్నం అక్కడ ఉపన్యాసాలు ఉండవు. అందరూ అడవిదారిన సాంక్ట్ రోమన్ అనే పల్లెకు నడిచి వెళ్లి కేకు తినిరావడం ఆనవాయితీ. చినుకులు పడుతున్నాయి. నా పక్కన నడుస్తున్నావిడకు మా అమ్మ వయసుంటుంది. నా గోడు అంతా విని, "ప్రతి భాజకానికీ మీకు నిజంగా కావాలా? అన్నిటి మీదా సగటున సరిపోదా?" అన్నారు.

దారిలోనే నిలబడిపోయాను. సగటు తీసుకోవడం మా రంగంలో 1965 నుంచీ బాగా తెలిసిన ఉపాయమే. నా లెక్కలో దానికి చోటుందని మాత్రం నాకు తట్టలేదు. కేకు రుచి ఏమిటో ఇప్పటికీ గుర్తులేదు. ఆ రాత్రి పన్నెండు దాటేదాకా ఇద్దరం నల్లబల్ల దగ్గరే ఉన్నాం.

ఒంటరిగా సాధించినవాళ్లు లేరా, గణితజ్ఞుడు యీతాంగ్ జాంగ్ సంగతేమిటని అడుగుతారేమో. నిజమే, 2013లో న్యూ హాంప్‌షైర్‌లో ఎవరూ అంతగా ఎరగని అధ్యాపకుడు, ఏడు కోట్లకు మించని తేడాతో ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని ఒంటరిగా నిరూపించారు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ ఏడు కోట్లు 246కు దిగిందంటే, అది మేనార్డ్ కొత్త పద్ధతి వల్ల, టెరెన్స్ టావో వంటివారు ఇంటర్నెట్‌లో అందరితో కలిసి చేసిన పాలీమత్ అనే ఉమ్మడి ప్రాజెక్టు వల్ల.

ఓబర్‌వోల్ఫాఖ్ నుంచి తిరిగివచ్చాక మనసు కష్టపడింది. కేంబ్రిడ్జ్‌లోని న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిఫ్టులో కూడా నల్లబల్ల ఉంటుంది. నేను పనిచేసే చోట ఉన్న బల్లలన్నీ ఊడదీసి డిజిటల్ తెరలు బిగించారు. రెండు నెలలకే రెండు తెరలు పాడయ్యాయి. బాగుచేయించమని ఎన్ని దరఖాస్తులు పెట్టినా కదలిక లేదు. సుద్దముక్క అడిగితే పాతకాలం మనిషినన్నారు. అరగంట నిలబడి ఒక నిరూపణ రాసుకోవడానికి గోడ లేని గణిత విభాగాన్ని ఏమనాలి?

మన దేశంలో జరగదని మాత్రం అనుకోకండి. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో త్వరగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి కనిపెట్టారు. మీ అబ్బాయి చేత చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ప్రవేశపరీక్షలు రాయించండి. ఇంట్లో ఒక నల్లబల్ల కూడా కొనిపెట్టండి. మా విభాగం వరండాలో నా డబ్బుతో నేనొకటి పెట్టించాను. ఇప్పుడు వారానికో పెట్టె సుద్దముక్కలు అయిపోతున్నాయి.