భువనగిరిలో ఇల్లు కొంటే భద్రంగా ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీకూ మీ ఆవిడకూ సికింద్రాబాద్‌లో ఉద్యోగాలు, బడికి వెళ్లే పాప. నగరంలో ఇల్లు కొనే స్తోమత లేక భువనగిరి బైపాస్ వైపు ఒక వెంచర్‌లో ఇండిపెండెంట్ ఇల్లు చూశారు. బంధువులు మాత్రం "ఆ ఊరా? వద్దే వద్దు" అంటున్నారు. అక్కడ నేరాలు అంత ఎక్కువా, రాత్రిపూట ఆడవాళ్లు తిరగగలరా అని అడిగారు.

నేను భువనగిరిలోనే ఉంటూ సీజన్ పాస్ మీద సికింద్రాబాద్ వెళ్లి వచ్చే ఉద్యోగిని. నా జవాబు ముందే చెబుతాను. ఊరిని చూసి భయపడకండి, మీరు చూసిన ఇంటి విషయంలో మాత్రం కాస్త ఆలోచించండి.

మీ బంధువుల భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. నయీం ఈ ఊరివాడు. మావోయిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చి, బెదిరింపులు, హత్యలు, భూముల సెటిల్‌మెంట్లతో ఏళ్ల తరబడి ఈ ప్రాంతాన్ని వణికించాడు. 2016 ఆగస్టు 8న పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. అయితే ఆ కాల్పులు జరిగింది భువనగిరిలో కాదు, నగరానికి మరో దిక్కున ఉన్న షాద్‌నగర్ శివార్లలో, అచ్చం మీరు చూసినలాంటి కొత్త టౌన్‌షిప్‌లో. మీ బంధువులకు ఈ సంగతి కూడా చెప్పండి. నయీం పేరు విని ఊరిని లెక్కగట్టేవాళ్లు, అలాంటి మనిషి తలదాచుకోవడానికి ఎలాంటి చోటు ఎంచుకున్నాడో గమనించరు. ఆ కథ ముగిసి చాలా కాలమైంది. ఇప్పుడు భువనగిరిలో మామూలు మనిషికి ఎదురయ్యే ఇబ్బందులు వేరు.

"ఈ ఊళ్లో నేరాల శాతం ఎంత" అని గూగుల్‌లో వెతికితే దొరికే సైట్లను నమ్మవద్దు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు జిల్లాల వారీగా, కమిషనరేట్ల వారీగా ఉంటాయి తప్ప 2011 జనాభా లెక్కల్లో 53 వేల పైచిలుకు మంది ఉన్న ఇలాంటి పట్టణానికి విడిగా ఉండవు. పైగా అవి నమోదైన కేసులు మాత్రమే. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే స్టేషన్ పరిధి కాగితం మీద ప్రశాంతంగా కనిపిస్తుంది, ప్రతి సైకిల్ దొంగతనానికీ కేసు కట్టే స్టేషన్ పరిధి భయంకరంగా కనిపిస్తుంది. 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పడి భువనగిరి అందులోకి వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో నల్గొండ నుంచి విడిపోయి యాదాద్రి భువనగిరి జిల్లా వచ్చింది. కాబట్టి పాత అంకెలను, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టి "పెరిగాయి, తగ్గాయి" అనడంలో అర్థం లేదు.

అంకెలకు బదులు ఎఫ్ఐఆర్‌లు చూడండి. సున్నితమైన కేసులు మినహా మిగిలిన ఎఫ్ఐఆర్‌లను ఇంటర్నెట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైటులో స్టేషన్ పేరు, తేదీ ఇచ్చి వెతకండి. కొన్ని నెలలవి ఓపికగా చదివితే ఊరి స్వభావం మీకే తెలుస్తుంది. నేను ఇల్లు మారేముందు ఈ పని చేశాను. రోడ్డు ప్రమాదాలు, భూమి గట్ల గొడవలు, కుటుంబ కలహాలు, తాళం వేసిన ఇళ్లలో చోరీలు, బైకుల మాయం. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం ఇవే. దారిన పోయేవాడిని అటకాయించి పొడిచిన కేసు కోసం చాలా పేజీలు తిప్పాల్సి వచ్చింది.

ఇక తాళం వేసిన ఇళ్ల దగ్గరికి వద్దాం. మీకు పనికొచ్చేది ఇదే.

ఉదయం ఎనిమిది దాటాక కొత్త వెంచర్ల వైపు ఒకసారి నడిచి చూడండి. భర్త రైలుకు, భార్య బస్సుకు, పిల్లలు పసుపుపచ్చ స్కూలు వ్యానుకు వెళ్లిపోతారు. సాయంత్రం ఏడింటి వరకు వీధిలో మనిషి ఉండడు. మధ్యలో ఖాళీ ప్లాట్లు, నడుమెత్తు పిచ్చిమొక్కలు, సగం కట్టి ఆపేసిన ఇళ్లు. ఎవరు ఎప్పుడు వెళతారో, ఎప్పుడు వస్తారో తెలుసుకోవడానికి ఎవరూ నిఘా వేయనక్కర్లేదు. రైలు టైం టేబుల్ ఒక్కటి చాలు. పాత ఊరిలో, కోట కింది గల్లీల్లో ఇళ్లు ఇరుకుగా ఉంటాయి, బండి పెట్టుకునే చోటు ఉండదు. కానీ మధ్యాహ్నం రెండింటికి అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఒక పెద్దావిడ ఉంటుంది, కొత్త ముఖం కనబడితే "ఎవరింటికి బిడ్డా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న చేసే పని ఏ కెమెరా చేయలేదు.

మా వెనుక వీధిలో జరిగిన చోరీ నేను దగ్గర నుంచి చూశాను. ఇంటివాళ్లు పెళ్లికని వెళ్లి ఒక రాత్రి ఆగిపోయారు. తిరిగి వచ్చేసరికి గేటు తాళం వేసినట్టే ఉంది. తలుపుకు వేసిన పెద్ద ఇత్తడి తాళం కూడా చెక్కుచెదరలేదు. తాళాన్ని పట్టుకుని ఉండే గొళ్లేన్ని మాత్రం చట్రం నుంచి మరలతో సహా పెకలించారు. ఆ మరలు చూస్తే బొటనవేలి గోరంత కూడా లేవు, పైగా కొయ్య కాదు, లోపల పొట్టు నింపిన చట్రం. వేలకు వేలు పోసి తాళం కొన్న ఇంట్లో గొళ్లెం ఎంతదో ఎవరూ అడగలేదు. లోపల బీరువా పగలగొట్టారు సరే, అంతకన్నా నన్ను కదిలించింది వంటగది. బియ్యం డబ్బా బోర్లించి ఉంది, కందిపప్పు, చింతపండు, పోపుల డబ్బా, అన్నీ నేల మీద కుప్పలు పోసి ఉన్నాయి. మన ఆడవాళ్లు నగలు ఎక్కడ దాస్తారో దొంగకు మనకన్నా బాగా తెలుసు. క్లూస్ టీం వాళ్లు బీరువా అద్దం మీద నల్లటి పొడి చల్లి వేలిముద్రలు తీశారు. ఇంట్లో కెమెరాలు ఉన్నాయి కదా అని అడిగితే, దృశ్యాలు దాచుకునే పెట్టెను కూడా దొంగలే పట్టుకుపోయారని తెలిసింది.

ఆ ఇంటావిడ తర్వాత చాలా రోజులు సొంత ఇంట్లోనే లైటు ఆర్పకుండా పడుకుంది. పోయిన బంగారం ఎంతో ఊరంతా చెప్పుకుంది, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. ఇల్లు కొనేటప్పుడు మీరు ధరతో పాటు లెక్క వేయాల్సింది ఇది కూడా.

ఇక రైల్వే స్టేషన్ విషయం. బండి పార్కింగ్‌లో పెట్టి చీటీ తీసుకోండి. డబ్బులు మిగుల్తాయని బయట గోడ వారన పెట్టే బైకులే పోతాయి, హ్యాండిల్ లాక్ తన్ని విరిచేయడం చేయి తిరిగినవాడికి చిటికెలో పని. రైల్లో పోయేవి ఎక్కువగా ఫోన్లు. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించినప్పుడు ద్వారం దగ్గర కూర్చుని ఫోను చూసేవాడి చేతి మీద కింద నుంచి కర్రతో కొడతారు, ఫోను కింద పడుతుంది. ఆ అదాటున మనిషి కూడా పడే ప్రమాదం ఉంది. అందుకే పాతకాపులెవరూ తలుపు దగ్గర ఫోను తీయరు. రైల్లో ఏదైనా పోతే ఫిర్యాదు చేయాల్సింది రైల్వే పోలీసులకు. "మా పరిధి కాదు" అని ఎవరైనా అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. పోయిన ఫోను ఐఎంఈఐ నంబరును, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, పోయిన ఫోన్లను పట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో నమోదు చేయించండి. మా బోగీలో ఇద్దరికి అలా ఫోన్లు తిరిగి వచ్చాయి. ఆన్‌లైన్ మోసం అయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆ బెడద ఊరిని బట్టి ఉండేది కాదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఆడవాళ్ల సంగతి మా ఇంట్లో అడిగే రాస్తున్నాను. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, స్టేషన్‌లో భయం లేదు, స్టేషన్ నుంచి ఇంటికే భయం. చివరి రైళ్లలో దిగేవాళ్లు గుంపుగా ఉంటారు, ఆటోలు ఉంటాయి. ఊళ్లోకి వెళ్లే ఆటోలో తోడు దొరుకుతుంది. బైపాస్ అవతలి వెంచర్‌కు వెళ్లే ఆటోలో చివరి వరకు మిగిలేది మీరొక్కరే. వీధి దీపాలు బ్రోచర్‌లో వెలిగినంతగా బయట వెలగవు. ఆవిడ తెలిసిన ఆటో ఆయన నంబరు పెట్టుకుంది, ఆలస్యమైన రోజున ఆయనే వస్తాడు. ఒంటరిగా వెళ్లాల్సి వచ్చినప్పుడు ప్రయాణం ముగిసేదాకా మనం ఎక్కడున్నామో గమనించే పోలీసుల టీ-సేఫ్ సేవ వాడుకోవచ్చు, అత్యవసరమైతే 112 ఉండనే ఉంది. గొలుసు దొంగతనాలు రాత్రి కన్నా తెల్లవారుజామున ఎక్కువ భయపెడతాయి. వాకిలి ఊడ్చి ముగ్గు వేసే వేళ, వంగి ఉన్న మనిషి పక్కన "ఫలానా వాళ్ల ఇల్లెక్కడమ్మా" అంటూ బైకు ఆగుతుంది. మా వీధిలో ఆడవాళ్లు చాలామంది పుస్తెల తాడును చీర కొంగుతో కప్పి పిన్ను పెట్టుకున్నాకే గేటు తీస్తారు. ఇంతకు ముందున్న పాత శిక్షాస్మృతి ఐపీసీలో ఈ నేరానికి విడిగా పేరు లేదు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో స్నాచింగ్ అని ప్రత్యేకంగా చేర్చారు. శిక్ష మూడేళ్ల వరకే. గొలుసు లాగినప్పుడు పడి తలకు దెబ్బ తగిలించుకున్న వాళ్లను చూస్తే అది చాలదనిపిస్తుంది నాకు.

మీరు అడగలేదు గానీ, ఈ చుట్టుపక్కల మధ్యతరగతి వాడిని నిజంగా ముంచేది కత్తి పట్టుకున్నవాడు కాదు, స్టాంపు పేపరు పట్టుకున్నవాడు. 2022 మార్చిలో యాదగిరిగుట్ట ఆలయం పునఃప్రారంభమైంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. ఈ రెంటి మధ్య హైవే పొడవునా కడీలు పాతని చేను లేదు. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, అనుమతి లేని లేఅవుట్‌ను ఉన్నట్టు చూపడం, వారసుల్లో ఒకరి సంతకం ఎగ్గొట్టడం, ఇవన్నీ వినీ వినీ మాకు అలవాటైపోయాయి. ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ ముప్పై ఏళ్లది తీయించండి, అంతకు ముందు చేతులు మారిన లింక్ డాక్యుమెంట్లు అసలువి చూడండి, భువనగిరిలోనే ప్రాక్టీసు చేసే వకీలుకు చూపించండి. అమ్మేవాడు తెచ్చిన వకీలుకు మాత్రం కాదు. హైవే ఇంకొక సంగతి. వెంచర్‌కూ బడికీ మధ్య వరంగల్ రోడ్డు దాటాల్సి ఉంటే, పాప నడిచి దాటే మార్గం ఏదో ముందే చూసుకోండి. దొంగల గురించి వంద ప్రశ్నలు వేసే తల్లిదండ్రులు ఈ ఒక్క ప్రశ్న వేయరు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక పని దినాన సెలవు పెట్టి, మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో ఓ గంట కూర్చోండి. ఆదివారం వెళ్లకండి, ఆదివారం ప్రతి వీధీ కళకళలాడుతుంది, ఏజెంటు కూడా ఆ రోజే రమ్మంటాడు. ఎన్ని ఇళ్లకు బయట తాళం ఉందో, ఎన్ని ఇళ్ల ముందు బట్టలు ఆరేసి ఉన్నాయో చూడండి. కిరాణా కొట్టు, కుట్టు మిషను పెట్టుకున్న ఇల్లు, రిటైరైన టీచరు, ఇలాంటివి రెండు మూడు ఉంటే చాలు. ఏ ఒక్కరూ మిమ్మల్ని "ఎవరు కావాలి?" అని అడగకపోతే, దొంగను కూడా అడగరు.

మీ అమ్మానాన్నలు మీతో వచ్చి ఉండేట్టయితే ఆ ఇల్లే నిశ్చింతగా తీసుకోండి. తలుపు చట్రం గట్టి కొయ్యతో వేయించి, లోపలి నుంచి తలుపులోనే పడే తాళం పెట్టించండి. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టండి. సంక్రాంతికి, దసరాకు ఊరెళ్లేటప్పుడు పోలీసు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. చెప్పిన ఇళ్ల వైపు గస్తీ వాళ్లు ఒక చూపు వేస్తారు. అలా కాక రోజంతా తాళం వేసి ఉంచాల్సిన ఇల్లే అయితే, ఇప్పుడే కొనకండి. రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, కింద ఇంటి ఓనరు ఉండే పై పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక ఏడాది ఉండి చూడండి. ఆ వెంచర్ ఎక్కడికీ పోదు, ఏడాదిలో మరో పది ఇళ్లు లేస్తే అప్పుడు మీకే అక్కడ బేరం కుదురుతుంది. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో, పక్క ప్లాట్లలో ఇళ్లు కట్టారో లేదో రాస్తే, అటువైపు వెళ్లినప్పుడు చూసి చెబుతాను.