స్పితి వెళ్తున్నారా? మనాలి వైపు నుంచి ఎక్కొద్దు

మీ ప్రశ్న: సెప్టెంబరులో పది రోజులు, ఇద్దరు పెద్దవాళ్లతో, మనాలి నుంచి నేరుగా హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో పెద్ద ఊరైన కాజా చేరి మఠాలు, ఊళ్లు చూడొచ్చా?

చూడొచ్చు గానీ దారి తిరగేయండి. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తు. అక్కడ పొద్దున్నే బయల్దేరితే అదే రోజు 4,550 మీటర్ల కుంజుమ్ కనుమ దాటి, రాత్రికి 3,650 దగ్గరున్న కాజాలో పడుకోవాలి. ఒంటికి ఆ ఎత్తు అలవాటు కాక ఆ రాత్రే తలనొప్పి, వికారం మొదలవుతాయి. చాలామంది దాన్ని బస్సు ప్రయాణం బడలిక అనుకుంటారు, మర్నాడు ఇంకా పైకి ఎక్కి పూర్తిగా పాడుచేసుకుంటారు. అందుకే చండీగఢ్‌లో దిగి సిమ్లా, కిన్నౌర్ మీదుగా వెళ్లండి. మొదటి రాత్రి నార్కండా, రెండోది కల్పా, మూడోది టాబో (3,280 మీటర్లు), నాలుగోది కాజా. తిరుగు ప్రయాణానికి కుంజుమ్, మనాలి దారి పెట్టుకోండి. భారతీయులకు ఈ దారిలో పర్మిట్ అక్కర్లేదు.

ఎత్తు పడక వచ్చే ఈ జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర పెద్దవాళ్లకు డాక్టర్ని అడిగే ఇవ్వండి, సల్ఫా మందులు పడనివాళ్లుంటే ముందే చెప్పండి. ఆ మాత్రకి మూత్రం ఎక్కువ వస్తుంది. అది చూసి నీళ్లు తాగడం మానేస్తారు, అదే తప్పు. తలనొప్పి తగ్గకపోయినా, నడకలో తూలినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దిగడమే మందు.

మఠాల్లో ఒక్కదానికే తీరిక ఉంటే టాబోకి ఇవ్వండి. 996లో కట్టింది. బయట నుంచి చూస్తే మట్టి గోడల గోదాముల్లా ఉంటుంది, పది నిమిషాల్లో వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. ప్రధాన మందిరంలోకి వెళ్లి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. అప్పుడు తల ఎత్తు కన్నా పైన, గోడల్లోంచి పుట్టుకొచ్చినట్టు కూర్చున్న మట్టి విగ్రహాలు ఒక్కొక్కటే కనిపిస్తాయి. వాటి కింద ఒకవైపు బుద్ధుడి జీవితం, ఇంకోవైపు జ్ఞానం కోసం గురువుల్ని వెతుక్కుంటూ తిరిగిన సుధనుడి యాత్ర బొమ్మలు. లోపల ఫొటోలు తీయనివ్వరు. చిన్న టార్చి ఉంచుకోండి, వాడేముందు అక్కడున్న లామాని అడగండి. ఏ మఠంలోనైనా ప్రదక్షిణ మన గుళ్లలోలాగే కుడివైపుగా, చెప్పులు బయటే.

కీ మఠం (4,166 మీటర్లు) ఎలాగూ చూస్తారు. 2000లో దలైలామా కాలచక్ర దీక్ష (టిబెట్ బౌద్ధంలో ఒక పెద్ద దీక్ష) ఇచ్చింది ఇక్కడే, 2006లో మన అమరావతిలోనూ ఇచ్చారు. కాలచక్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలోనే (అమరావతి పాత పేరు) అని టిబెట్ బౌద్ధుల సంప్రదాయం. అమరావతి పేరెత్తితే మాట బాగా కలుస్తుంది.

ఊళ్ల విషయానికొస్తే, కాజాకి పైనున్న లాంగ్‌జా, హిక్కిమ్, కోమిక్ మూడూ ఒకే పూట కారులో చుట్టేయడం నాకు దండగ అనిపిస్తుంది. చాలా ఎత్తున ఉందని పేరుపడ్డ హిక్కిమ్ పోస్టాఫీసులో కార్డు వేసి వచ్చేస్తారు, అంతే. కాజాలో రెండు రాత్రులు అయ్యాక లాంగ్‌జాలో ఒక ఇంట్లో రెండు రాత్రులు ఉండండి (4,400 మీటర్లు, కాబట్టి అంతకు ముందు వద్దు). సెప్టెంబరు కోతల కాలం. బార్లీ పనలు కళ్లంలో పరిచి పశువుల్ని వరసగా కట్టి గుండ్రంగా తొక్కిస్తారు, ఒకప్పుడు మనవైపు బంతి కట్టినట్టే. పిల్లలు శిలాజాలు అమ్మజూపుతారు, కొనకండి.

ఉప్పు, వెన్న వేసిన టీ ఇస్తారు. టీ అనుకుంటే మింగుడుపడదు, చారు అనుకుని తాగండి. గుక్క తాగగానే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే నిండు కప్పు అలాగే ఉంచి, లేచేముందు తాగేయండి.

మరుగుదొడ్డి దగ్గరే మనవాళ్లు ఇబ్బంది పడతారు. మేడ మీద గదిలో నేలకి ఒక రంధ్రం, పక్కన మట్టి, బూడిద కుప్ప, ఒక పార. పనయ్యాక రెండు పారలు మట్టి వేయాలి. బకెట్ నీళ్లు పోస్తే మాత్రం చెడిపోతుంది: కింద ఎరువు కుళ్లి కంపు కొడుతుంది, చలికాలం గడ్డకడుతుంది. వేసవికి ముందు ఆ ఎరువే బఠాణీ, బార్లీ చేలకు వెళ్లాలి.

ఇంటి నుంచి బియ్యం తీసుకెళ్తే మామూలు గిన్నెలో ఉడకదు, ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇల్లు చూసుకోండి. నగదు దారిలోనే తీసి పెట్టుకోండి, కాజా ఏటీఎంని నమ్ముకోవద్దు. పెట్రోలు కాజాలో నింపుకోకుండా మనాలి వైపు కదలకండి.

తిరుగు దారిలో లోసర్ దాటాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు రాళ్లే. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి వాగులు పొంగుతాయి, మధ్యాహ్నం దాటితే చిన్న కారు మధ్యలో ఆగిపోతుంది. ఉదయం 6 లోపు కాజా వదలండి.