పోస్టింగ్‌కు పోయే ముందు పాపకు

చిత్తూరు,
ఆదివారం.

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

పలమనేరు పక్క పల్లెలో హెల్త్ క్లినిక్‌కు నిన్ను వేశారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను ఏఎన్ఎంగా కాలినడకన తిరిగిన పల్లెలే అవి. నా తర్వాత మన ఇంట్లోంచి ఆ దారిన పోయేది నువ్వే అనుకుంటే కళ్లు తడి అయ్యాయి. దాంతోపాటు భయం కూడా పట్టుకుంది. ఊరు కొత్తదని కాదు, నీ నోరు నాకు తెలుసు కాబట్టి. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. జాయినింగ్ రోజు సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో. ఆ పక్కంతా కౌండిన్య అడవి, ఏనుగులు తోటల్లోకి దిగుతాయి, చీకటి పడ్డాక స్కూటీ మీద ఒంటరిగా రావద్దు. మొదటి రోజే ఆశా వర్కర్ ఇంటికి పోయి కాఫీ తాగు. కొన్ని ఇళ్లలో తమిళం, కొన్ని ఇళ్లలో కన్నడం కలిసిన తెలుగు వినిపిస్తుంది, చెవి పెట్టి వింటే వారంలో అలవాటవుతుంది.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి. ఉగాదికి అందరం తిరుపతిలో మీ ఇంట్లో ఉన్నాం కదా. భోజనాల దగ్గర అవ్వ, "తల తిరగడం తగ్గింది, అందుకే బీపీ మాత్ర మానేసినా" అనింది. నువ్వు ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా మొదలుపెట్టావు. బీపీ పైకి కనపడదని, మానేస్తే పక్షవాతం రావచ్చని, ఇంత వయసొచ్చినా ఈ మాత్రం తెలియదా అని. నువ్వు మాత్ర గురించి చెప్పిన దాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. కానీ మామలు, పిన్నులు, వాళ్ల పిల్లలు, అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఆమె మొహమే చూస్తున్నారు. అవ్వ నవ్వి, "సరేలే తల్లీ, వేసుకుంటా" అనింది. నువ్వు సంతోషపడ్డావు.

పోయిన బుధవారం ఆమె పక్క దులుపుతుంటే దిండు కింద స్ట్రిప్పు దొరికింది. పది మాత్రల్లో ఏడు అట్లే ఉన్నాయి. నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా "వేసుకున్నా తల్లీ" అనే చెబుతోంది, పక్కనే ఉండి నేను వింటున్నాను. ఉగాది రోజు మాత్ర మానేసిన సంగతి ఎవరూ అడగకుండా తనే బయటపెట్టింది పాపా. ఇప్పుడు అడిగినా చెప్పడం లేదు. నేను ఆ స్ట్రిప్పును మళ్లీ దిండు కిందే పెట్టేశాను. ఎందుకు పెట్టానో నీకు అర్థం కావాలంటే 1991 నాటి సంగతి చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

అది వేసవి, గంగజాతర అయిన వారం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఒక ఇంట్లో పది నెలల మగబిడ్డ. బేదులవుతున్నాయంటే ముందు రోజు ఆ ఇంటి కోడలికి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి, "కలిపి తాపండి" అని, రిజిస్టర్‌లో రాసుకుని వచ్చేశాను. మరుసటి రోజు పొద్దున పోయేసరికి బోరింగు దగ్గర బిందెలతో పది మంది దాకా ఆడవాళ్లు ఉన్నారు. ఎదురుగా అరుగు మీద ఆ ఇంటి అవ్వ మనవణ్ని ఒళ్లో వేసుకుని, స్టీలు గ్లాసులోంచి ఉగ్గుగిన్నెతో తాపుతోంది. బిడ్డ మొహం తిప్పుకుంటున్నాడు. నేను గ్లాసు తీసుకుని వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఒట్టి ఉప్పు. లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఆ ఒక్క గ్లాసులో వేసేసింది. అంత ఉప్పు ఒంట్లోకి పోతే పసిబిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చని నీకు నేను చెప్పక్కర్లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. గ్లాసులో ఉన్నది కాలవలో పారబోసి, "బిడ్డను చంపుతావా అవ్వా? చదువు రాకపోతే అడగడం కూడా రాదా?" అన్నాను. గట్టిగానే అన్నాను. బోరింగు కొట్టే ఆమె కొట్టడం ఆపేసింది. ఆ ఇనుప చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవడం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అవ్వ ఒక్క మాట మాట్లాడలేదు. కొంగుతో బిడ్డ మూతి తుడిచి, ఎత్తుకుని లోపలికి పోయింది. కోడలు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది. కోడలి ముందు అత్తను అట్లా నిలబెట్టాననే ఆలోచన కూడా నాకు రాలేదు. బిడ్డను కాపాడాను అనుకుంటూ పక్క ఊరికి నడిచాను.

నెల తిరక్కుండానే బిడ్డకు మళ్లీ బేదులు పట్టుకున్నాయి. ఆ రెండు రోజులూ నేను ఆ వీధిలోనే తిరిగాను. "బిడ్డ ఎట్లున్నాడు?" అని బయటి నుంచే అడిగితే, "వాళ్ల అమ్మగారి ఊరికి పోయినారు" అనింది అవ్వ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. బిడ్డ లోపలే ఉన్నాడు. తాయెత్తు కట్టించారు, దిష్టి తీయించారు, నీళ్లు తాపితే బేదులు ఎక్కువవుతాయని నీళ్లు ఆపేశారు. మూడో రోజు రాత్రి జీపు మాట్లాడుకుని చిత్తూరు తెచ్చారు. సంగతి తెలిసి నేను పోయేసరికి కళ్లు గుంటల్లోకి పోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు, కన్నీళ్లు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే పట్టినచోటే నిలబడింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. బతికాడు. ఇప్పుడు బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు, ఇద్దరు పిల్లలు. ఊరికి వస్తే నాకు టమోటాలు తెచ్చిస్తాడు.

ఆ తర్వాత చాలా నెలలు ఆ ఇంటి ముందు ఆగి పలకరించి పోవడమే నా పని. మందుల మాట ఎత్తలేదు. ఒక రోజు అవ్వే కూర్చోమని చెక్కపీట వేసింది. అప్పుడు చెప్పింది, "నీకు చెప్దామనే అనుకున్నామ్మా. మళ్లా అందరి ముందర యాడ అరుస్తావో అని బయమేసింది." ఇంకో మాట కూడా అనింది. "కషాయం చిక్కగా కాస్తేనే కదా పని చేసేది, ఇదీ అట్లే అనుకున్నా." ప్యాకెట్ ఇచ్చిన రోజు నేను రెండు నిమిషాలు కూర్చుని కలిపి చూపించి ఉంటే ఏదీ జరిగేది కాదు. తప్పు నాది. తిట్లు తిన్నది ఆమె.

ఆ రోజు నేను చేసిన పని ఇది. "అవ్వా, బేదులప్పుడు మీరు గంజిలో ఉప్పేసి తాపుతారు కదా, అది చాలా మంచి పని" అన్నాను. నిజంగానే మంచి పని అది. తర్వాత, "మీ ఇంట్లో లీటరు పట్టే పాత్ర ఏది?" అని అడిగాను. ఆమె ఒక చెంబు తెచ్చింది. పాలు కొలిచే లీటరు కొలతతో నీళ్లు కొలిచి దాంట్లో పోస్తే మెడ దగ్గరికి వచ్చి ఆగాయి. అక్కడ మేకుతో తనే గీత గీసుకుంది. "ఇప్పుడు నువ్వు కలిపి నాకు చూపించు" అన్నాను. చూపించింది. మరుసటి వేసవికి ఆ వీధిలో ఐదారు ఇళ్ల చెంబులకు అట్లాంటి గీతలు పడ్డాయి. గీయించింది ఆమె, నేను కాదు.

నీకు ఇప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజుల జింకు కూడా ఇచ్చే పని ఉంటుంది. మూడో రోజుకు బేదులు తగ్గగానే జింకు ఆపేస్తారు. "ఎందుకు ఆపేశారు?" అని అడగొద్దు. "ఎన్ని మిగిలాయో చూద్దామా?" అని అడుగు.

అట్లాగని ప్రతిదానికీ ఏకాంతం కోసం ఎదురుచూడొద్దు. రిటైర్మెంట్‌కు ముందు ఒక బుధవారం టీకాల రోజు, కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి పొద్దున తొమ్మిదిన్నరకు కలిపిన మీజిల్స్ టీకా సీసాలోంచి మధ్యాహ్నం రెండింటికి సిరంజిలోకి తీస్తోంది. కలిపిన నాలుగు గంటలకు ఆ సీసా పారేయాలి. నేను ఏమీ ఆలోచించలేదు, సీసా మీద అరచెయ్యి పెట్టేశాను. "టైం చూడమ్మా" అన్నాను, తల్లులందరి ముందే. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. సాయంత్రం ఆమెతో కలిసి టిఫిన్ బాక్సు తెరిచి, "ఇంత రద్దీలో నేనైనా మర్చిపోయేదాన్నే, సీసా మీద టైం పెద్దగా రాసుకో" అని చెప్పాను. మందు ఒంట్లోకి పోయేలోపు ఆపాలి, మర్యాద సాయంత్రానికైనా దొరుకుతుంది. తర్వాత ఆ పిల్ల నన్ను ఆంటీ అని పిలిచేది.

డాక్టర్ల విషయం ఇంకొంచెం కష్టం. నువ్వు వయసులో చిన్నదానివి, వాళ్ల చీటీలో తప్పు పడితే చెప్పడానికి గొంతు ఎండిపోతుంది. పసిబిడ్డకు పారాసెటమాల్ "5 ఎంఎల్" అని మాత్రమే రాసి ఉంటే, షాపులో డ్రాప్స్ ఇచ్చి ఉండొచ్చు. డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు, 125 సిరప్‌లో అయితే ఐదు ఎంఎల్‌కు 125. నాలుగింతల తేడా. "సార్, పాప బరువు ఎనిమిది కేజీలు, మీరు రాసింది సిరపా, డ్రాప్సా?" అని అడుగు. చీటీ చేతిలో పెట్టి అడుగు, ఫోన్లో అయితే చదివి వినిపించు. విసుక్కుని "ఇచ్చెయ్" అంటే సరేనని వచ్చేయొద్దు, రెండోసారీ అడుగు. విసుగు ఆ పూటకే ఉంటుంది. ఇక్కడ నువ్వు నోరు మూసుకుంటే మాత్రం నేను క్షమించను.

వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి. బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటే ఉండనీ. కంట్లో కాటుక పెడుతుంటే, ముక్కులో ఆముదం పోస్తుంటే, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తుంటే చెప్పు. అది కూడా కోడలు లేనప్పుడు అవ్వతో చెప్పు, అవ్వ చేతుల మీదుగానే మాన్పించు. "రక్తం తొమ్మిది పాయింట్లు ఉందంట" అంటే పాయింట్లు కాదు గ్రాములని దిద్దుకుంటూ కూర్చోవద్దు. ఆమె ఐరన్ మాత్ర వేసుకుంటోందా లేదా, అది చూసుకో.

నీకు తొమ్మిదేళ్లప్పుడు నేను మూడో ఎక్కం తప్పు చెబితే నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా, "పెద్దమ్మా, ఇరవై ఏడు" అన్నావు. పక్కన మీ నాన్న కూర్చుని ఉన్నాడని గట్టిగా చెప్పలేదట. నువ్వే తర్వాత చెప్పావు. ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అని ఉగాది రోజు వెతుక్కున్నాను. చదువు నీ నోటికి పదును పెట్టింది, అంతే. లోపల పిల్ల అదే అని నాకు తెలుసు, లేకుంటే ఇంత రాసేదాన్ని కాదు.

నా చెంబు ఒకటి మీ అమ్మతో పంపిస్తున్నాను, లీటరు దగ్గర గీత ఉంది. క్లినిక్‌లో బల్ల మీద పెట్టుకో. ఇంకో సంగతి, జాయిన్ అయ్యేలోపు ఒకసారి చిత్తూరు వచ్చి పో. రాత్రి అవ్వ పక్కన పడుకో. మాత్రల మాట నువ్వుగా ఎత్తొద్దు, ముందు మోకాలి నొప్పి ఎట్లుందో అడుగు. ఆ మాత్ర వేసుకుంటే రాత్రి పూట నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని నాతో ఒకసారి నసిగింది. నిజమో కాదో, నీతో అయితే చెబుతుందేమో చూడు.

మీ పెద్దమ్మ