మేడ మీది వెదర్ స్టేషన్ ఆర్కిటిక్ మంచు మీద ఎందుకు చాలదు?

ప్రశ్న: చెన్నైలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్నాను. మా కాలేజీ మేడ మీద ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ ఉంది. ఆర్కిటిక్‌లో సముద్రపు మంచు మీద వేసే శిబిరాల్లోనూ ఇలాంటిదే పెడతారా? చలికి తట్టుకునే సెన్సర్లు కొంటే సరిపోదా?

జవాబు:

సెన్సర్లు కొనడం ఇందులో తేలికైన పని. మామూలు పీటీ-100 రకం ప్లాటినం థర్మామీటర్ సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, −40 దగ్గర సుమారు 84 ఓమ్‌ల విద్యుత్ నిరోధం చూపిస్తుంది. అది అక్కడా ఇక్కడా ఒకటే. తంటా అంతా దాన్ని నిలబెట్టే చోటుతోనే. చెన్నై మీనంబాక్కంలో స్తంభం పాతితే ఏళ్ల తరబడి కదలదు. ఆర్కిటిక్‌లో కాళ్ల కింద ఉండేది ఒకటి రెండు మీటర్ల మందం మంచు పలక. అది కొట్టుకుపోతుంది, తిరుగుతుంది, చీలుతుంది, వేసవిలో కరుగుతుంది. 1937లో సోవియట్‌వాళ్లు ధ్రువం దగ్గర వేసిన 'నార్త్ పోల్-1' శిబిరం 274 రోజుల్లో గ్రీన్‌లాండ్ తీరం దాకా కొట్టుకొచ్చింది.

అందుకే ముందు దెబ్బతినేది గాలి దిశ. పలక తిరిగితే దాని మీది స్తంభమూ తిరుగుతుంది. మొన్న ఉత్తరానికి సరిచేసిన గుర్తు ఇవాళ ఎటు చూస్తోందో తెలియదు. అయస్కాంత ధ్రువం దగ్గర్లో దిక్సూచిని నమ్మలేం. ఒక గట్టి కమ్మీ రెండు చివర్లా రెండు జీపీఎస్ యాంటెన్నాలు బిగించి, వాటి మధ్య దిశను గాలి కొలతలతో పాటే లాగర్‌లో (కొలతలు నమోదుచేసే పరికరంలో) రాయించాలి. ఈ యాంటెన్నాలు శిబిరం పక్కనున్న ఓడ మీద, స్తంభం మంచు మీద ఉంటే కుదరదు. మధ్యలో పగులు వస్తే రెండూ చెరో వైపు తిరుగుతాయి. ధ్రువానికి ఒక డిగ్రీ లోపు ఉంటే ఎటు చూసినా దాదాపు దక్షిణమే కాబట్టి, గ్రీనిచ్ రేఖాంశాన్ని సున్నాగా తీసుకుని దిశ రాయాలన్నది ప్రపంచ వాతావరణ సంస్థ నియమం.

తర్వాతి శత్రువు చలి కాదు, గాలిలోని తేమ గడ్డకట్టి పట్టే మంచు పూత. ఆకాశం నుంచి దిగే ఉష్ణ వికిరణాన్ని కొలిచే పరికరం టోపీ మీద అది పేరుకుంటే, సెన్సర్‌కు ఆకాశం కనబడదు, ఆ పూతే కనబడుతుంది. నిర్మలమైన రాత్రి డేటాలో మబ్బు పట్టినట్టు నమోదవుతుంది. అంకె నమ్మదగ్గట్టే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వేడిచేసిన గాలిని టోపీ చుట్టూ ఊదే ఫ్యాన్ తప్పనిసరి. అయినా రోజూ వెళ్లి మెత్తని బ్రష్‌తోనో, ఆల్కహాల్ తడిపిన గుడ్డతోనో తుడవాలి. నోటితో ఊదకూడదు, ఊపిరిలోని తేమ అక్కడే గడ్డకడుతుంది. తుడిచిన సమయం నోట్‌బుక్కులో రాయాలి. బడ్జెట్ తక్కువైతే ఖరీదైన సెన్సర్ మానుకోండి కానీ ఈ ఫ్యాన్ మానుకోవద్దు.

తేమ దగ్గర చాలామంది బోల్తా పడతారు. సున్నా కంటే కిందికి వెళ్లినా సాపేక్ష తేమను నీటి ఉపరితలాన్ని బట్టే లెక్కించడం రివాజు. −30 దగ్గర మంచు మీది సంతృప్త ఆవిరి పీడనం (గాలి ఇక తేమను పట్టలేని స్థాయి) నీటి మీది దానిలో 75 శాతం మాత్రమే. అంటే తెర మీద 75 చూసి 'ఫరవాలేదు, పొడిగానే ఉంది' అనుకునే వేళకి గాలి మంచు లెక్కన నిండిపోయి ఉంటుంది, పూత పడబోతుంటుంది.

వసంతంలో ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ వస్తుంది. కొత్తగా కురిసిన మంచు 80 శాతం పైగా వెలుతురును వెనక్కి కొడుతుంది. మీ మేడ మీద థర్మామీటర్‌కు ఎండ తగలకుండా పెట్టే పళ్లేల గూడు గాలి ఆగిపోతే లోపల వేడెక్కిపోతుంది. ఫ్యాన్‌తో గాలి లాగే గూడే కావాలి. మంచు పేరుకునే కొద్దీ రెండు మీటర్ల ఎత్తున పెట్టిన థర్మామీటర్ ఒకటిన్నర మీటరుకి దిగినట్టవుతుంది. మంచు లోతు కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి ఉష్ణోగ్రత సవరణ చేయకపోతే −30 దగ్గర రెండు మీటర్లకు 11 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అది ఒక మంచి హిమపాతం కంటే ఎక్కువే.

వేసవిలో స్తంభాన్ని పట్టి ఉంచే తీగల మేకులు ఎండకు వేడెక్కి తమ చుట్టూ మంచును తామే కరిగించుకుంటాయి. మేకులను తెల్లటి దానితో కప్పి, తీగల బిగువు రోజూ చూడాలి. పనికి ఒక్కరే వెళ్లకూడదు. ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు తుపాకీతో ధ్రువపు ఎలుగుల కోసం కాపలా కాయాలి.

పై గాలిని కొలవడానికి ఎగరేసే బెలూన్ల పని మాత్రం చెన్నైలోలాగే. అంతర్జాతీయ సమయం సున్నా గంటలు, అంటే మనకు ఉదయం 5:30 కొలత కోసం కాస్త ముందే వదులుతారు. సెకనుకి సుమారు ఐదు మీటర్ల వేగంతో పైకెళ్తుంది. శీతాకాలంలో పై పొరల్లో −80 కంటే కిందికి పోతే రబ్బరు బిరుసెక్కి తొందరగా పగులుతుంది. నేల దగ్గరి విలువను స్తంభం నుంచి తీసుకోవాలి, గుడారం లోపలి థర్మామీటర్ నుంచి కాదు.

మీరు ఏదైనా తయారుచేసి పరీక్షించాలనుకుంటే, చేపల ఎగుమతిదారుల బ్లాస్ట్ ఫ్రీజర్లు −35, −40 దాకా వెళ్తాయి. అనుమతి దొరికితే లాగర్, బ్యాటరీ, కేబుల్ ఒక రాత్రి అందులో ఉంచండి. సాధారణ పీవీసీ తొడుగు కేబుల్‌ని మెలిపెడితే పుటుక్కుమంటుంది. సిలికాన్ తొడుగుది వాడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉంటేనే లోపలి ద్రవం గడ్డకట్టకుండా ఉంటుంది. బయటికి తీసేముందు అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, గది వేడికి వచ్చాకే విప్పండి. లేకపోతే చెన్నై ఉక్కలో సర్క్యూట్ బోర్డు నిమిషంలో నీళ్లోడుతుంది.