మైక్రాన్ ఒకటే, రేటు ఎందుకు తేడా?

ప్రశ్న: మేం విక్టోరియాలో బల్లారట్ దగ్గర ఉంటాం సార్, తెలిసినవాళ్ల గొర్రెల ఫార్మ్‌లో వాటా తీసుకున్నాను. ఈసారి రెండు లాట్ల మెరినో ఉన్ని వేలానికి పెడితే రెండిట్లోనూ పోగు మందం 18.5 మైక్రానే, కానీ రెండోదానికి క్లీన్ రేటు (కడిగిన ఉన్ని బరువు మీద లెక్కగట్టే ధర) బాగా తక్కువొచ్చింది. మా నాన్న మహబూబ్‌నగర్‌లో గొంగళ్లకి ఉన్ని అమ్మేటప్పుడు చేత్తో పట్టుకునే చెప్పేసేవారు, ఇక్కడ టెస్ట్ సర్టిఫికెట్‌లో ఏం చూడాలి?

జవాబు: సన్నదనం ముఖ్యమేనండీ, రేటులో పెద్ద వాటా దానిదే, 30 మైక్రాన్లు దాటిన పోగులు ఎక్కువుంటే ఒంటికి గుచ్చుకుంటుంది. కానీ మిల్లువాడికి ఇంకో భయం ఉంటుంది, ఈ ఉన్ని మెషీన్లో తెగకుండా బయటికొస్తుందా అని. మీరు చెప్పింది క్లీన్ రేటు కాబట్టి మురికి, జిడ్డు లెక్క పక్కన పెట్టేయండి, ముందు స్టేపుల్ స్ట్రెంత్, అంటే ఉన్ని పాయ తెగడానికి ఎంత బలం పడుతుందో చూడండి, అది న్యూటన్/కిలోటెక్స్‌లో ఇస్తారు, 35 పైనుంటే గట్టి ఉన్ని, 30 కిందకొస్తే టెండర్, అంటే తేలిగ్గా తెగే ఉన్ని అంటారు.

దాంతోపాటు మిడ్ బ్రేక్ శాతం, అంటే నూటికి ఎన్ని పాయలు మధ్యలో తెగాయన్నది ఉంటుంది చూడండి, నన్నడిగితే మీ తేడా అక్కడే ఉండొచ్చు. పాయ మధ్యలో తెగితే ఒక పొడుగు పోగు రెండు పొట్టి ముక్కలవుతుంది, కోంబింగ్‌లో, అంటే మెషీన్ దువ్వేటప్పుడు మరీ పొట్టివి నాయిల్ అనే తుక్కుగా విడిపోతాయి, దువ్వాక మిగిలిన ఉన్నిలో (టాప్ అంటారు) సగటు పొడుగు పడిపోతుంది, దాంతో సన్న నూలు వడకబోతే మాటిమాటికీ తెగుతుంది. అదే కొసలో తెగితే పెద్ద నష్టం లేదు, పొడుగు చాలావరకు మిగులుతుంది.

ఎందుకొస్తుందంటే మీ వైపు ఎండాకాలం ఎండుగడ్డి మీద గొర్రె చిక్కిపోయి పోగు కూడా సన్నబడుతుంది, ఆటమ్ (మార్చి-మే) వానలకి పచ్చిక రాగానే మళ్లీ లావెక్కుతుంది, ఆ సన్నబడ్డ చోటే బలహీనం. స్ప్రింగ్‌లో (సెప్టెంబర్-నవంబర్) కత్తిరిస్తే ఆ చోటు సరిగ్గా పాయ మధ్యకొస్తుంది, ఆటమ్‌లో కత్తిరిస్తే కొసకి వెళ్తుంది. రెండో లాట్ పిల్లలకి పాలిచ్చిన గొర్రెలదా అని కూడా కనుక్కోండి, వాటి ఉన్ని తొందరగా టెండర్ అవుతుంది.

ముళ్లు, గడ్డిగింజల శాతం కూడా చూడాలి. గుండ్రటి ముళ్లకాయ (బర్ర్) కార్డింగ్‌లో, అంటే ఉన్ని ఏకేటప్పుడు చాలావరకు రాలిపోతుంది, పుల్లల్లాంటి చెత్త మాత్రం పోగుకి అంటుకునే ఉంటుంది, మరీ ఎక్కువైతే సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఆ చెత్తని మాడ్చి పొడిచెయ్యాలి (కార్బనైజింగ్ అంటారు), ఆ ఖర్చు మీ రేటులోంచే పోతుంది. పసుపు రంగు తిరిగిన ఉన్నికి లేత రంగులు వెయ్యలేరు, దానికీ కోత పడుతుంది.

మీ నాన్నగారి పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. సన్న పాయ తీసి రెండు కొసలూ బిగించి పట్టుకుని చెవి దగ్గర వేలితో మీటండి, గట్టిదైతే ఖంగుమంటుంది, టెండర్ అయితే చిరిగిన చప్పుడొచ్చి చేతిలోనే తెగుతుంది. మన దక్కని గొర్రె ఉన్నికి మాత్రం ఈ మైక్రాన్ లెక్కలు పెట్టకండి, గొంగడికి ఆ ముతకదనమే కావాలి, దాన్ని తక్కువ రకం అనడం తప్పు.

ఇప్పుడు రెండు సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి మిడ్ బ్రేక్ చూడండి, రెండోదానికి బాగా ఎక్కువుంటే మాత్రం వచ్చే ఏడాది కత్తిరింపు నెల మార్చడం గురించి ఉన్నిని రకాలుగా వేరుచేసే మీ వూల్ క్లాసర్‌తో, కత్తిరించే షియరర్లతో ముందే మాట్లాడుకోండి.