జనన నమోదులో పేరు, జెండర్ మార్పు: ఏ చట్టం కింద అడగాలి?

కలెక్టరు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం జతచేసినా, "రిజిస్టరులో తప్పేమీ లేదు కదా, ఏం దిద్దమంటారు?" అని మీ దరఖాస్తును తిప్పి పంపారని, ఇక కోర్టుకు వెళ్లక తప్పదా అని కడప నుంచి మీరు అడిగారు. అనంతపురంలో ఉంటున్న ట్రాన్స్ మహిళగా 2023లో నేనూ ఇదే జవాబు విన్నాను. కోర్టు గడప తొక్కకుండానే పని పూర్తయింది.

కార్యాలయాల బయట దరఖాస్తులు రాసిపెట్టేవారు అందరికీ ఒకటే నమూనా ఇస్తారు. అది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షన్ కింద సవరణ కోరే నమూనా. నమోదు పొరపాటుగానో మోసపూరితంగానో జరిగిందని రుజువైనప్పుడు సరిదిద్దడానికి ఉద్దేశించిన సెక్షన్ అది కాబట్టి, ఆసుపత్రి పంపిన వివరమే రిజిస్టరులో ఉంటే గుమాస్తా అభ్యంతరం చెప్పడంలో ఆశ్చర్యం లేదు. మీరు ఆధారం చేసుకోవలసింది 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టాన్ని. గుర్తింపు పత్రం ప్రకారమే అన్ని అధికారిక పత్రాల్లోనూ జెండర్ నమోదు చేయాలని దాని 6వ సెక్షన్ చెబుతుంది. జనన ధ్రువీకరణ పత్రంలో పేరు మార్చుకునే హక్కును 7వ సెక్షన్‌లోని మూడవ ఉపసెక్షన్ ఇస్తుంది. దరఖాస్తు అందిన 15 రోజుల్లో మార్పు చేయాలని, పాత క్రమసంఖ్యనే కొనసాగించాలని 2020 నియమాల్లో ఉంది. నేను రెండవసారి ఈ సెక్షన్ల పాఠాన్నే దరఖాస్తుకు కుట్టి ఇచ్చాను. చట్టానికి సవరణలు వస్తుంటాయి గనుక మీరు దరఖాస్తు పెట్టేనాటికి అమలులో ఉన్న పాఠాన్ని సరిచూసుకోండి.

7వ సెక్షన్ ఇచ్చే హక్కు మొదటి పేరుకే పరిమితం. ఇల్లు విడిచి వచ్చిన మనవాళ్లలో కొందరు గురువు, అంటే తమను చేరదీసిన పెద్ద ట్రాన్స్ మహిళ, ఇంటిపేరు పెట్టుకోవాలనుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే అయినా, దాన్ని ఇదే దరఖాస్తులో కలిపితే మొత్తం ఆగిపోతుంది.

మీ చేతిలో ఉన్నది ఏ ఫారమో కూడా చూసుకోండి. 2020 నియమాల కింద స్వయం ప్రకటనపై ఇచ్చిన ఫారం 3లో ట్రాన్స్‌జెండర్ అని ఉంటుంది. వైద్య చికిత్స తరువాత స్త్రీ లేదా పురుషుడు అని పొందేది ఫారం 4. ఫారం 3తో వెళ్లి స్త్రీ అని రాయమంటే కుదరదు.

నా విషయంలో గుమాస్తా బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి, నా వరుసకు ఎదురుగా మార్జిన్‌లో కొత్త పేరు, కలెక్టరు పత్రం నంబరు రాశారు. దాని కింద రిజిస్ట్రారు తేదీ వేసి సంతకం చేశారు. పాత పేరు మీద గీత కూడా పడలేదు, ఎందుకంటే మూల నమోదును చెరపడానికి 1969 చట్టం ఒప్పుకోదు. ఇలాంటి వివాదంలోనే 2024 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు, పాత వివరాలు, మారిన వివరాలు రెండూ కనిపించేలా జనన పత్రం ఇవ్వాలని ఆదేశించింది. పాత పేరు అందరి కంటా పడడం నాకు నచ్చలేదు గానీ, తిరస్కరణను ఎదుర్కోవడానికి ఆ తీర్పు పనికొస్తుంది. అది మన రాష్ట్రంలో కట్టుబడవలసిన తీర్పు కాదు, అయినా జతచేయండి.

మళ్లీ కాదంటే నోటిమాటతో సరిపెట్టుకోకుండా కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చినా, తరువాత హైకోర్టుకు వెళ్లినా ముందుగా అడిగేది ఆ కాగితమే.